గ్యాసు బండ కూర్చున్న చోటు

మా ఆయన చెప్పే కథ ఇదీ: మేము బుచ్చిరెడ్డిపాలెం నుంచి మైపాడుకు కారులో హాయిగా పోయి వచ్చాం, సీఎన్‌జీ పుణ్యమా అని ఖర్చు సగానికి సగం తగ్గింది, సముద్రం ఎలాగూ ఉచితం. ఈ కథను ఆయన పొద్దున నడకకు వచ్చే ప్రతివాడినీ ఆపి చెప్పారు. ఇద్దరు అప్పుడే వాళ్ళ కార్లకు కూడా గ్యాసు కిట్టు పెట్టించుకోవాలనే ఆలోచనలో పడ్డారట.

నేనూ ఆ కారులోనే ఉన్నాను. పక్క సీట్లో, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. అందుకని ఇంకో కథ చెప్పాల్సి వస్తోంది.

ముందు మా కారు సంగతి. తొమ్మిదేళ్ళ పెట్రోలు కారు. వారానికి రెండుసార్లు బయటికి వస్తుంది, పెళ్ళిళ్ళ రోజుల్లో మూడుసార్లు. మా ఆయన డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. మొక్కల గురించి ఆయన మాట మీద నాకు నమ్మకం ఉంది. బండ్ల జ్ఞానమంతా ఫోనులో వీడియోలు చూసి సంపాదించింది. యాభై వేల పైచిలుకు పోసి డిక్కీలో గ్యాసు బండ బిగించుకుని వచ్చిన రోజు నేను ఒకే ఒక ప్రశ్న అడిగాను. "పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఈ కారు ఎంత తిరగాలి?" ఆయన సూటిగా జవాబు చెప్పలేదు గానీ, మర్నాటి నుంచి వీధి చివర మంగలి షాపుకు కూడా కారులోనే పోవడం మొదలుపెట్టారు. తిరిగితేనే గదా మిగిలేది.

ఆయనొక్కరే తిరిగితే నాకేం బాధ లేదు. మా వాకిట్లో చేపలు దించే మస్తానమ్మకు కూడా బోధించారు, అక్కడ వచ్చింది చిక్కు. మస్తానమ్మది మైపాడు. ఆ వీధి ఆడవాళ్ళు అయిదుగురు కలిసి ఒకే ఆటోలో చేపలు వేసుకుని వస్తారు. నలుగురు నెల్లూరులో దిగిపోతే, మస్తానమ్మ ఒక్కతే మా బుచ్చి దాకా వస్తుంది. ఆటో ఆమె మరిది శీనయ్యది, పెట్రోలు బండి. నేను వంజరం ముక్కలు కోయించుకుంటుంటే మా ఆయన మెట్ల మీద నిలబడి, రోజూ అంత దూరం తిరిగే బండికి కిట్టు పెట్టించకపోవడం ఎంత తెలివితక్కువో ఆమెకు పాఠం చెప్పారు. ఆమె శ్రద్ధగా విన్నది. తరవాత నెల రోజులు మరిదికి అదే పాఠం ఒప్పజెప్పింది. చివరికి అతను ఒప్పుకుని, వచ్చే సోమవారం నెల్లూరులో కిట్టు బిగించడానికి మాట్లాడుకున్నాడు.

"సార్ ఒకసారి వచ్చి ఆటో చూసి, మా వోడికి ధైర్యం చెప్పాలక్కా," అంది మస్తానమ్మ. "వాడికి ఇంకా గుబులుగానే ఉండాది. ఇది తేడా వస్తే నన్ను బతకనియ్యడు."

ఆ మాటతో శనివారం పొద్దున బయలుదేరాం. సార్ ధైర్యం చెప్పడానికి, నేను సార్ చెప్పేది వినడానికి.

బుచ్చి: వెనక సీట్లో పెద్దామె

చేపలమ్మ ఇంటికి పోతూ చేపలు తీసుకుపోలేం గదా. మా పొలంలో పండిన బియ్యం ఇరవై అయిదు కిలోల బస్తా తీశాను. డిక్కీ తెరిస్తే అక్కడ గ్యాసు బండ కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. దాని పక్కన ఒక గొడుగు పడుతుంది, అదీ మడిచే గొడుగైతే. బస్తాను వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటుకు తవుడు అంటకుండా నా పాత చీర చుట్టి, దొర్లకుండా బెల్టు పెట్టాను.

"నీట్‌గా ఉంది," అన్నారు మా ఆయన. డిక్కీ గురించి నోరెత్తుతానేమోనని ముందుగానే మెచ్చుకోవడం ఆయన అలవాటు.

మా ఇంటి దగ్గరి బంకులో గ్యాసు లేదన్నారు. పెట్రోలు మీద పోదామన్నాను. అలా పోతే కిట్టు పెట్టించిన ప్రయోజనమే పోతుందట. బండలో మిగిలిన కాస్త గ్యాసుతో నెల్లూరు చేరాం.

నెల్లూరు: బంకు ముందు సంసారాలు

గ్యాసు బంకు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గ్యాసు కొట్టేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు, అందరూ దిగాలి. అందువల్ల బంకు ముందు వరసలో ఆటోలూ కార్లూ, పక్కన ఎండలో వాటి తాలూకు సంసారాలూ నిలబడి ఉంటాయి. ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు, పరీక్షకు పోయే ఆడపిల్లలు, పెళ్ళికి పోయే పట్టుచీరలు. అందరి ముఖాల్లోనూ డబ్బు మిగుల్చుకుంటున్న తృప్తి కనపడుతుందేమోనని వెతికాను. చెమట తప్ప ఏమీ కనపడలేదు.

గ్యాసు లారీ రావాలట. వస్తుందట. పక్కనే పెట్రోలు పంపు దగ్గర ఒక్క బండి లేదు. అక్కడి మనిషి చేతులు కట్టుకుని మా వరసను జాలిగా చూస్తున్నాడు.

మా ముందున్న ఆటోడ్రైవరు పాపం మంచివాడు, ఉన్న విషయం చెప్పాడు. "ఈ ఎండలో రాకూడదు మేడమ్. ఎండకు గ్యాసు ఉబ్బుద్ది. బండ నిండినట్టే మీటరు చూపిస్తాది, పడేది మాత్రం తక్కువే. మేమైతే తెల్లారేసరికి వచ్చేస్తాం."

"మరి నువ్వు ఇప్పుడెందుకు వచ్చావు నాయనా?"

"తెల్లారి కూడా లారీ రాలేదు మేడమ్."

మా ఆయన వరస వదిలి కదలరు. నేను రోడ్డు దాటి హోటల్లో నెయ్యి కారం దోశ తిన్నాను. డెబ్భై రూపాయలు. దోశ బాగుంది, లారీ రాలేదు, ఇంకో దోశ తిన్నాను. ఆయనకొకటి కట్టించుకుని వచ్చాను. మూడు దోశల సొమ్ముకు ఎంత పెట్రోలు వచ్చేదో ఆయనకు చెప్పాను. గ్యాసు లెక్కలో దోశలు కలపకూడదన్నారు.

చివరికి లారీ వచ్చి, రెండున్నర గంటల తరవాత మా వంతు వచ్చింది. ఇద్దరం దిగాం. గ్యాసు కొట్టే మనిషి గొట్టం పట్టుకుని ఆగిపోయాడు.

"సార్, పెద్దామెను కూడా దించండి."

"పెద్దామె ఎవరు?" అన్నారు ఈయన.

"వెనక కూర్చోనుండాదే. నడవలేకపోతే చెయ్యి పట్టి దించండి సార్. రూలు."

బియ్యం బస్తా చీర కట్టుకుని, బెల్టు పెట్టుకుని, బుద్ధిగా ముందుకు చూస్తోంది. వరస మొత్తం నవ్వింది. ఆ రెండున్నర గంటల్లో అక్కడ ఎవరికైనా దక్కిన లాభం అదొక్కటే.

ఇందుకూరుపేట దాటాక: ఖాదర్ బాషా లాభం

ఇందుకూరుపేట దాటి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ముందు టైరు కూలబడింది. మా ఆయన నింపాదిగా దిగి, ప్యాంటు మడిచి, డిక్కీ తెరిచి, కాసేపు అలాగే చూసి మూసేశారు. ఉండాల్సిన టైరు మా ఇంట్లో మెట్ల కింద ఉంది. బండకు చోటు కావాలని కిట్టు బిగించిన రోజే దాన్ని తీసేశారు. దాని మీద నేను ఊరగాయ జాడీ పెట్టుకున్నాను.

పంక్చరు షాపు అరమైలు వెనక. ఆయన నడిచి పోయి ఖాదర్ బాషా అనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది, చేతిలో జాకీ. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ వైపు చూసి, "కిట్టు పెట్టించినారా?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"స్టెప్నీ లేకుండా నిలబడే కార్లన్నీ అవే మేడమ్. నాకు వీటితో శానా మేలు జరిగింది. ఇంతకుముందు టైరు పోతే కారోళ్ళు మార్చుకుని ఎల్లిపోయేవాళ్ళు. నా షాపు వాళ్ళ కంటికే ఆనేది కాదు. ఇప్పుడు నడిచి వచ్చి, అన్నా అని పిలుస్తారు."

"అంటే కిట్టు లాభమేనంటావు," అన్నారు మా ఆయన, ఎలాగైనా ఒక సాక్షి దొరికాడన్న ఆశతో.

ఖాదర్ బాషా టైరు ఊడదీస్తూ ఆలోచించాడు. "లాభమే సార్. మీదా నాదా అనేదే చూడాల."

ఆ మనిషి కాలేజీలో పాఠం చెప్పి ఉంటే ఎంతమంది బాగుపడేవారోననిపించింది. వచ్చి బాగుచేసినందుకు మూడు వందలు తీసుకున్నాడు. నేను బేరం ఆడలేదు. ఆ రోజు మొత్తం మీద డబ్బు పుచ్చుకుని పని పూర్తిగా చేసినవాడు అతనొక్కడే.

మైపాడు: సాయంత్రం

ముప్పయ్యారు కిలోమీటర్ల చిల్లర ప్రయాణం పొద్దున మొదలై పొద్దు వాలాక ముగిసింది. మస్తానమ్మ ఇల్లు సముద్రానికి ఎదురుగా మూడో వరస. బస్తా చూసి మొదట వద్దంది, తరవాత గుప్పెడు తీసి వాసన చూసింది. "ఈ బియ్యానికి తగిన పులుసు చెయ్యాలి గదక్కా, ఎంత పని పెట్టినావు."

మామిడికాయ వేసి సందువల పులుసు చేసింది. మా వైపు చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడు రుచి అని దాచిపెట్టుకుంటాం. ఆ మాటే అంటే ఆమె నవ్వింది. "మా యింట్లో పులుసు రేపటి మొకం చూడదక్కా. రేపు రేపటి చేప ఉంటాది. లేకుంటే అదీ లేదు."

ఆ ఇంటి కిటికీ చువ్వలు సగానికి సన్నబడి, ఉప్పుగాలికి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. మూడేళ్ళ కిందట పెట్టినవట. నేను చువ్వను గోటితో గీకి మా ఆయనకు చూపించాను. "ఇనుముకు ఈ ఊళ్ళో ఇదీ గతి. గ్యాసు బండ కూడా ఇనుమేగా?" అన్నాను. మూడేళ్ళకొకసారి పరీక్ష చేయిస్తారు, భయం లేదన్నారు. చువ్వ కూడా మూడేళ్ళదే. ఆయన పులుసు మీద దృష్టి పెట్టారు.

మస్తానమ్మ భర్త ఇంకా వేటలో ఉన్నాడు. వేట నుంచి వచ్చిన చేపను ఎలా పంచుకుంటారని అడిగాను. మనుషులకు తలా ఒక వాటా, పడవకు వాటా, వలకు వాటా, ఇంజనుకు ఒక వాటా అని చెప్పింది.

"ఇంజనుకు వాటా ఏమిటే, అదేమన్నా తింటుందా?"

"తాగుద్ది గదా. మాతో పాటు అదీ పోతా ఉండాది, అదీ కష్టపడతా ఉండాది. చేప పడకుంటే దానికీ లేదు, మాకూ లేదు."

మా బుచ్చి వైపు ట్రాక్టరుకు గంటకింతని బాడుగ. పంట పండినా మునిగినా ట్రాక్టరుకు మాత్రం డబ్బు తప్పదు. రైతు నష్టంలో పాలుపంచుకునే యంత్రం ఒకటి ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. చదువుకున్నదాన్నని పేరు గానీ.

ఇంతలో శీనయ్య వచ్చాడు. సన్నగా, అనుమానంగా ఉన్న మనిషి. మా ఆయన ఫోను తీసి, రోజుకు ఇన్ని కిలోమీటర్లు, పెట్రోలుకు ఇంత, గ్యాసుకు ఇంత అని వేళ్ళు ఆడించారు. నాకు ఇష్టం లేకపోయినా నిజం ఒప్పుకోవాలి, ఆ లెక్క సరైనదే. రోజూ తిరిగే బండి. పైగా చేపలన్నీ దింపేశాక ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు గ్యాసు కొట్టించుకోవచ్చు, లారీ ఆలస్యమైనా చెడిపోయే సరుకు ఉండదు. మా కారుకు పనికిరాని ముచ్చట అతని ఆటోకు నిజంగానే పనికివస్తుంది. ఏడాది లోపలే పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది.

"చూసినావా," అంది మస్తానమ్మ మరిదితో. "నేను చెప్తే ఆడోళ్ళ మాట అంటివి. ఇప్పుడు సారు చెప్పినాడు."

"సరే వదినా, సోమవారం పోతా ఉండా గదా," అన్నాడు శీనయ్య.

నాకు వాదించడానికేమీ మిగల్లేదు. అది నాకు అరుదుగా జరిగే విషయం, ఒంట్లో బాగాలేనట్టు అనిపించింది.

మైపాడు: తెల్లవారాక

రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయాం. ఆదివారం తెల్లవారేసరికి పడవలు ఒడ్డుకు చేరాయి. ఇసకలో చేపల వేలంపాట జరిగింది. ఆడవాళ్ళు పాడుకున్న చేపలను ప్లాస్టిక్ టబ్బుల్లో ఐసు ముక్కలతో సర్దుకుని ఆటో దగ్గరికి చేర్చారు. ఆ ఆటోలో సరుకు ఎక్కించడం ఒక పద్ధతి. ముందు దిగేవాళ్ళ టబ్బు చివరగా ఎక్కాలి, చివర దిగేవాళ్ళది ముందుగా ఎక్కాలి. లేకపోతే ప్రతి వీధిలో అన్నీ దించి ఎక్కించుకోవాలి. చివర దిగేది బుచ్చికి వచ్చే మస్తానమ్మ గనక ఆమె రెండు టబ్బులూ సీటు వెనక గూట్లో మొదటగా కూర్చున్నాయి. తక్కినవాళ్ళవి కాళ్ళ దగ్గర. సీటు మీద ముగ్గురు, శీనయ్యకు అటొకరు ఇటొకరు. ఇక దానిలో ఒక పిల్లి కూడా పట్టదు.

నేను ఆ గూటిని చూస్తున్నాను.

"శీనయ్యా, గ్యాసు బండ ఎక్కడ పెడతామన్నారు?"

అతను వెనక్కి నడిచి, మస్తానమ్మ టబ్బుల మీద చెయ్యి వేశాడు. "ఈడే అక్కా. సీటు ఎనకాల." వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నెల రోజులు ఆ ఇంట్లో ఈ కిట్టు గురించి చర్చ నడిచింది. రోజూ ఆ గూట్లో టబ్బులు ఎక్కించిన మనిషికీ, దించిన మనిషికీ ఈ సంగతి తట్టలేదు. మా ఆయన లెక్కలో కిలోమీటర్లున్నాయి, కిలోలున్నాయి. టబ్బుల్లేవు.

"టాపు మీద క్యారియరు వేయిస్తే?" అన్నారు ఆయన.

"ఐసునీళ్ళు మా నెత్తిన కారతాయి సార్," అంది కోటమ్మ. అందరికంటే పెద్దది, నెల్లూరులో స్టేషను వైపు అమ్ముతుంది.

"బండ మీదనే టబ్బులు పెట్టుకుంటే?"

"షాపాయన మొదటే చెప్పినాడు," అన్నాడు శీనయ్య. "ఉప్పునీళ్ళు తగిలితే బోల్టులు నిలవవంట."

"అయితే ఒక మనిషి తగ్గాల," అంది సీటు మీద కూర్చున్నావిడ నెమ్మదిగా. మనిషి ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, టబ్బులు ఎవరివో అందరికీ తెలుసు. మస్తానమ్మ ముఖం నేను చూడలేకపోయాను. కిట్టు కోసం నెల రోజులు పోట్లాడి గెలిచింది ఆమే. మా వాకిట్లో ఆ పాఠం చెప్పింది మేమే.

"కిట్టు వొద్దులే వదినా," అన్నాడు శీనయ్య.

"వొద్దంటే ఎట్టా? పెట్రోలుకే సగం పోతా ఉండాదని రోజూ ఏడ్చేది నువ్వే గదా," అంది మస్తానమ్మ. గొంతు గట్టిగానే ఉంది. "నేను వేరే బండి చూసుకుంటాలే."

"ఏ బండి? నీ కోసం బుచ్చి దాకా వొచ్చే బండి ఏదుండాది, చెప్పు?" అంది కోటమ్మ. తరవాత శీనయ్య వైపు తిరిగింది. "ఒరే అబ్బయ్యా, ఇంజనుకు వాటా ఇస్తా ఉండామా లేదా? గ్యాసు బండకు కూడా వాటా తియ్యి. అది మనిషి చోట్లో కూర్చుంటాది గదా, ఆ మనిషి దాని వాటా తింటాది. రోజుకు ఒకరం ఇంటికాడ ఉంటాం, వంతులేసుకుని. పెట్రోల్లో మిగిలింది ఆ దినం ఆమెకి ఇచ్చెయ్యి."

"అట్టయితే నాకేం మిగులుద్ది?" అన్నాడు శీనయ్య.

"నీకు కిట్టు మిగులుద్ది."

అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మిగిలినదంతా ఆమెకిస్తే కిట్టు డబ్బులు ఎప్పుడు రావాలని ఒకరు, సగమిస్తే చాలని ఒకరు, వంతు రోజు పండగ పడితే ఎలాగని ఒకరు. ఐసు కరిగి ఇసకలోకి కారుతోంది. చివరికి రెండేళ్ళ దాకా సగం, తరవాత మొత్తం అని తెగింది. శీనయ్య గొణుక్కుంటూ బండి తీశాడు. మా ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "ఇది వీడియోల్లో లేదు," అన్నారు. ఆయన ఓడిపోయానని ఒప్పుకునే పద్ధతి అది.

ఆటో కదిలేటప్పుడు మస్తానమ్మ నా వైపు చూసి నవ్వింది. "అయిదు దినాలకు ఒకరోజే గదక్కా. నడుము వాలుస్తాను. మంచిదే."

అయిదుగురిలో ఒకరి చోటు పోవాల్సిందల్లా, తలా అయిదోవంతు పంచుకున్నారు. ఏ కాలేజీ గడపా తొక్కకుండా. నేను చప్పట్లు కొడదామనుకున్నాను.

మళ్ళీ మా వాకిట్లో

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగిందేమీ లేదు. వరసలో ఒకటిన్నర గంట నిలబడ్డాం.

మూడు వారాలైంది. శీనయ్య ఆటోకు కిట్టు బిగించారు, బాగానే నడుస్తోందట. నిన్న మస్తానమ్మ వంతు, రాలేదు. తొమ్మిది గంటలకు మోపెడ్ మీద ఎవరో ఒకాయన వచ్చి గేటు ముందు హారను కొట్టాడు. కొత్త మనిషి. పెట్టె మూత తీసి చూపించాడు. నెత్తళ్ళు, తెల్లగా మెరుస్తున్నాయి. ధర మస్తానమ్మ చెప్పే దానికంటే పది తక్కువ. ఇంట్లో కూరకేమీ లేదు. కొన్నాను.

డబ్బు తీసుకుంటూ, "రేపు కూడా రమ్మంటారా అక్కా?" అన్నాడు.

"వద్దు. రేపు మస్తానమ్మ వస్తుంది," అన్నాను.

అతను తలూపి పక్కింటి గేటు దగ్గరికి పోయి హారను కొట్టాడు. వాళ్ళూ కొన్నారు. ఆ పక్కింటివాళ్ళూ కొన్నారు. అతను వాళ్ళను కూడా అదే మాట అడగడం వినపడింది. వాళ్ళు చెప్పిన జవాబు వినపడలేదు.

ఇంట్లో కూర్చున్న రోజుకు గ్యాసు బండ వాటా వస్తుంది, సరే. ఈ అయిదుగురు ఆడవాళ్ళకీ నెల్లూరులోనూ బుచ్చిలోనూ కలిపి ఎన్ని గుమ్మాలున్నాయో నాకు తెలియదు. అన్ని గుమ్మాల్లోనూ, రేపు మా మనిషి వస్తుందని ఎందరు చెబుతున్నారు?